చలికాలపు సాయంత్రాలకు తియ్యని, చిక్కని సెంటు: మాఘమాసపు పెళ్లికి ఏది నప్పుతుంది?

నిర్మల్_చలిగాలి

మా తమ్ముడి పెళ్లి ఈ మాఘమాసంలో కుదిరింది. ముహూర్తం రాత్రి పూట నిర్మల్‌లో, మర్నాటి సాయంత్రం విందు వియ్యాలవారి ఊరు విజయవాడలో. నా దగ్గర వెనీలా, దాల్చినచెక్క, మాడిన చక్కెర వాసనలు కలగలిసిన తియ్యని సెంటు ఒకటి ఉంది. మా ఊళ్లో చలి ముదిరిన సాయంత్రాలలో దాన్ని వేసుకుంటే, దగ్గరికి వచ్చినవారికి మాత్రమే తెలిసేటంత నిదానంగా, నిండుగా ఉంటుంది. పోయిన ఏడాది ఇదే కాలంలో విజయవాడలో ఒక నిశ్చితార్థానికి అదే సెంటు వేసుకువెళ్లాను. భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్న పిన్నిగారు తల నొస్తోందంటూ విస్తరి ముందు నుంచి లేచి వెళ్లారు. సెంటు అదే, నెల అదే, వేసుకున్న మోతాదు కూడా అదే. ఒక ఊళ్లో మెప్పు పొందిన వాసన మరో ఊళ్లో ఇంత ఇబ్బంది ఎందుకు పెట్టిందో తెలిసినవారు వివరించగలరా? రెండు ఊళ్లకూ పనికివచ్చే తియ్యని సెంటు ఉంటే దాని పేరు కూడా చెప్పండి. వెనీలా అంటే నాకు చాలా ఇష్టం కనుక దాన్ని పూర్తిగా మానుకోమని మాత్రం చెప్పవద్దని మనవి.

కాలువగట్టు

విజయవాడలో చలికాలం ఉంటుందని మీకు ఎవరు చెప్పారండీ? జనవరిలో కూడా మధ్యాహ్నానికి 30 డిగ్రీల దాకా ఎండ కాస్తుంది. తెల్లవారుజామున కృష్ణ మీద కాస్త మంచు కమ్ముతుంది, ఎనిమిది దాటితే అదీ ఉండదు. చలికాలపు సెంటును చలి ఉన్న చోటే వాడుకోవాలి, మా ఊరికి వచ్చేటప్పుడు సీసాను ఇంట్లో పెట్టి రండి.

గంధపుచెక్క

కాలువగట్టు గారు చెప్పినదానిలో సగం నిజం ఉంది. చెమట, ఉక్క ఉన్న చోట తియ్యని సెంటు బరువుగా తోస్తుందన్న మాటను ఒప్పుకుంటాను. అయితే తియ్యని సెంట్లన్నీ ఒకటే అనుకోవడం సరికాదు. నిర్మల్_చలిగాలి గారు చెప్పిన వర్ణనలో నాకు కనిపించిన లోటు ఏమిటంటే, అందులో వెనీలా, దాల్చిన, చక్కెర మూడూ ఒకే వైపు లాగేవి. ఆ తీపిని నిలదీసే చేదు గానీ, పొగ గానీ, వగరు గానీ ఏదీ లేదు. అలాంటి సెంటు నిజమైన చలిలో మాత్రమే ఓర్చుకోదగ్గదిగా ఉంటుంది. దీని గురించి వివరంగా తరువాత రాస్తాను. ముందు వాతావరణం సంగతి తెలిసినవారు చెబితే బాగుంటుంది.

రసాయన_పంతులు

వాతావరణం సంగతి నేను చెబుతాను. వాసన మనకు తెలియాలంటే ఆ పదార్థపు అణువులు చర్మాన్ని వదిలి ఆవిరిగా గాలిలో కలవాలి. నిమ్మ, నారింజ తొక్కలలో ఉండే లిమొనీన్ 176 డిగ్రీల దగ్గర మరుగుతుంది. వెనీలాకు ఆ వాసననిచ్చే వెనిలిన్ 285 డిగ్రీల దగ్గర, టోంకా అనే తియ్యని వాసన గల గింజలలో ఉండే కూమరిన్ 301 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఇవి మన ఒంటి మీద మరగవు, నిజమే. కానీ ఏది తేలిగ్గా ఆవిరవుతుందో, ఏది చర్మాన్ని పట్టుకుని కూర్చుంటుందో ఈ అంకెలను బట్టి అంచనా వేయవచ్చు. అందుకే నిమ్మజాతి వాసన కొద్దిసేపట్లో ఎగిరిపోతుంది, వెనీలా మర్నాటి దాకా దుస్తులను వదలదు.

ఇక్కడ ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ ఆవిరయ్యే వేగం అదే లెక్కన పెరగదు, అంతకంటే చాలా త్వరగా పెరుగుతుంది. 10 డిగ్రీల తేడా వస్తే ఈ బరువైన అణువులు రెట్టింపు దాకా, కొన్ని అంతకంటే ఎక్కువగా గాలిలోకి చేరతాయి. నిర్మల్‌లో రాత్రి చల్లగాలికి మీ మణికట్టు, మెడ చల్లబడి ఉంటాయి కనుక సెంటు కొంచెం కొంచెంగా విడుదలైంది. విజయవాడ హాలులో చర్మం వెచ్చగా ఉంది, గాలిలో తేమ కూడా ఉంది. తేమ ఉన్న గాలిలో మన ముక్కు మరింత చురుకుగా పనిచేస్తుంది. చలి గాలికి, పొడి గాలికి అదే ముక్కు కొంత మందగిస్తుంది. మీరు అదే మోతాదు వేసుకున్నా పిన్నిగారి ముక్కుకు చేరిన మోతాదు మాత్రం వేరు.

నిర్మల్_చలిగాలి

పంతులు గారు, ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. అంటే లోపం సెంటులో లేదన్నమాట. గంధపుచెక్క గారు సెంటులోనే లోటు ఉందంటున్నారు, మీరేమో వేడిదే కారణమంటున్నారు. ఎవరి మాట పట్టుకోవాలి?

రసాయన_పంతులు

రెండూ నిజమే. వాసన ఎంత దూరం పోతుందో వేడి తేల్చుతుంది, అలా చేరిన వాసన హాయిగా ఉంటుందో లేదో కూర్పు తేల్చుతుంది.

పాతబస్తీ_సీసా

అందరూ స్ప్రే సీసాల గురించే మాట్లాడుతున్నారు కనుక అత్తరు మాట నేను చెప్పవలసి వస్తోంది. చార్మినార్, పత్తర్‌గట్టీ ప్రాంతపు అత్తరు దుకాణాలలో ఏ కాలానికి ఏది వాడాలన్న పద్ధతి పాతకాలం నుంచీ ఉంది. ఎండాకాలానికి వట్టివేరు, గులాబీ, మొగలి, తొలకరి మట్టి వాసన పట్టిన మిట్టీ అత్తరు. చలికాలానికి షమామా, హీనా, అగరు, కస్తూరి పోకడ ఉన్న ముష్క్. పాత గిరాకీదారు ఎవరైనా మే నెలలో షమామా అడిగితే దుకాణదారే వద్దని వారించేవాడు.

షమామా అంటే ఒక్క పువ్వు వాసన కాదు. తుంగముస్తలు, జటామాంసి, కచ్చూరాలు, రాతిపువ్వు, లవంగాలు, యాలకులు, జాజికాయ, జాపత్రి వంటి దినుసులు పదుల సంఖ్యలో అందులో పడతాయి. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో వీటిని డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో నీళ్లతో పాటు వేసి, మూతను మట్టితో మెత్తి, కట్టెల మంట మీద కాస్తారు. ఆవిరి వెదురు గొట్టం గుండా వెళ్లి నీటి తొట్టెలో మునిగి ఉన్న భప్కా అనే మరో రాగి పాత్రలోకి దిగుతుంది. ఆ పాత్రలో ముందుగానే చందన తైలం పోసి ఉంచుతారు కనుక వాసన అంతా అందులో ఇంకుతుంది. షమామాకు దినుసులను విడతలు విడతలుగా మార్చుతూ రోజుల తరబడి ఇలా కాస్తారు. ఆ తరువాత తేమ పోవడానికి తోలు కుప్పెలలో ఉంచేవారు. కన్నౌజ్ అత్తరుకు 2013లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఒంటికి రాసుకున్న తొలి నిమిషాల్లో షమామా మందుల కొట్టు వాసనలా ఘాటుగా తగులుతుంది. అరగంట గడిచాక దినుసుల కారం తగ్గి, అడుగున ఉన్న చందనపు తీపి పైకి వస్తుంది. నిర్మల్ రాత్రికి ఇంతకు మించినది లేదని నా అభిప్రాయం.

మల్లెపందిరి

పెళ్లికి సెంటు ఎందుకండీ అసలు? జడ నిండా మల్లెలు, మెడకు గంధం, పన్నీరు చాలవా? తియ్యని వాసన కావాలంటే మల్లెను మించినది ఏముంది?

చేమంతి_తోట

మల్లెపందిరి గారు, మాఘమాసంలో మల్లెలు ఎక్కడి నుంచి తెస్తారు? శివరాత్రి దాటాక కదా అవి బుట్టల కొద్దీ వచ్చేది. ఇప్పుడు దొరికేవి చేమంతులు, కనకాంబరాలు. కనకాంబరానికి వాసన ఉండదు, చేమంతి వాసన చేదు. ఆ చేదు మీద వెనీలా చక్కగా కుదురుతుందని నాకు తోస్తోంది.

మల్లెపందిరి

మల్లెల కాలం గురించి చెప్పినది సబబే. అయినా మండపంలో వేరే వాసనలు చాలా ఉంటాయన్న నా మాట మాత్రం నిలబడుతుంది. దండలలో లిల్లీ పూలు, హోమంలో నెయ్యి, హారతి కర్పూరం, సాంబ్రాణి పొగ అన్నీ కలిసి ఉన్న చోటికి ఇంకొక బరువైన వాసన తీసుకువెళ్లేటప్పుడు అది వాటితో కలుస్తుందా, పోటీ పడుతుందా అని ఆలోచించుకోవాలి.

గంధపుచెక్క

మల్లెపందిరి గారు ఎత్తిన సంగతి చాలా విలువైనది. సాంబ్రాణి అంటే స్టైరాక్స్ చెట్టు జిగురు. పాశ్చాత్య సెంట్లలో బెంజాయిన్ అని రాసేది దీన్నే. దీనికి సహజంగానే వెనీలా పోలిక ఉంటుంది. అందువల్ల సాంబ్రాణి పొగ ఉన్న మండపంలో వెనీలా సెంటు పోటీ పడదు, దానిలో ఒదిగిపోతుంది. అదే పండ్ల వాసన ఉన్న తియ్యని సెంటు, అంటే స్ట్రాబెర్రీ, పీచ్ వంటివి, హోమపు పొగలో విడిపోయి కటువుగా తగులుతాయి.

ఇప్పుడు ఇందాక రాస్తానన్న విషయం. చలి సాయంత్రాల సెంట్లకు ఆద్యమని చెప్పదగ్గది ఫ్రెంచి సెంట్ల సంస్థ గెర్లాన్ వారి షాలిమార్. 1925లో పారిస్‌లో జరిగిన అలంకార కళల ప్రదర్శనలో అది పేరు తెచ్చుకుంది. దాన్ని కూర్చిన జాక్ గెర్లాన్ అప్పటికే తమ ఇంట్లో ఉన్న జికీ అనే 1889 నాటి సెంటులో ఎథిల్ వెనిలిన్ పోసి చూశాడని చెబుతారు. ఎథిల్ వెనిలిన్ మామూలు వెనిలిన్ కంటే దాదాపు 3 రెట్లు ఘాటు. అంత తీపి పోసినవాడు దాన్ని ఒంటరిగా వదల్లేదు. పైన బెర్గమాట్ అనే పుల్లని నిమ్మజాతి నూనెను దండిగా వేశాడు, అడుగున తోలు వాసన, పొగ వాసన, జిగురు వాసన పేర్చాడు. అందుకే వందేళ్లయినా అది మిఠాయి కొట్టులా అనిపించదు.

రెండో ఉదాహరణ 1992లో థియెరీ మ్యూగ్లర్ పేరున వచ్చిన ఏంజెల్. ఒలివియే క్రెస్ప్ కూర్చినది. పీచుమిఠాయి వాసననిచ్చే ఎథిల్ మాల్టాల్‌ను అందులో అంతకుముందు ఎవరూ సాహసించనంతగా వాడారు. దానికి ఎదురుగా మట్టి వాసన, చేదు ఉన్న పచౌలీ అనే ఆకు నూనెను కూడా అంతే ధైర్యంగా పోశారు. తరువాత దాన్ని అనుకరించిన చాలా సెంట్లు మిఠాయిని ఉంచుకుని పచౌలీని తగ్గించేశాయి, చప్పబడ్డాయి. మిరియాలు, యాలకులు పడని పానకం వట్టి బెల్లం నీళ్లే అవుతుంది కదా, ఇదీ అంతే.

నిర్మల్_చలిగాలి గారు, మీరు వెనీలాను మానుకోనక్కరలేదు. ఆ వెనీలాకు ఎదురు నిలిచే ఒక చేదు దినుసు ఉన్న సెంటును చూసుకోండి. పొగాకు ఆకు, తోలు, పచౌలీ, కాఫీ, సాంబ్రాణి, దేవదారు, వీటిలో ఏదైనా సరే.

దుబాయి_ఎడారి

ఇక్కడ నాకు అర్థం కాని విషయం ఒకటి ఉంది. మా దగ్గర వేసవిలో 45 డిగ్రీలు దాటుతుంది. అయినా అరబ్బులు అగరు, కుంకుమపువ్వు, ఖర్జూరం, వెనీలా ఉన్న చిక్కని సెంట్లనే ఏడాది పొడవునా వాడుతున్నారు. ఇంట్లో బఖూర్ అనే ధూపం పొగ వేసి, దుస్తులకు పట్టించి, ఆ పైన అత్తరు రాసుకుంటారు. ఎవరూ తలనొప్పి అని లేచిపోవడం నేను చూడలేదు. వేడికి, తియ్యని సెంటుకు పొత్తు కుదరదన్న సూత్రం ఇక్కడ ఎందుకు పనిచేయడం లేదు?

రసాయన_పంతులు

దుబాయిలో సాయంత్రాలు ఎక్కడ గడుపుతారో చూడండి. ఇల్లు, కారు, బజారు, కార్యాలయం అన్నీ 22 డిగ్రీల ఏసీలో ఉంటాయి. ఆ లెక్కన అక్కడి వారికి ఏడాదంతా చలి సాయంత్రమే. పైగా మీరే చెప్పినట్టు ఎక్కువ వాసన దుస్తులకు పడుతుంది, చర్మానికి కాదు. బట్ట చర్మమంత వేడెక్కదు కనుక నిదానంగా వదులుతుంది.

దుబాయి_ఎడారి

సగం ఒప్పుకుంటున్నాను. అలవాటు సంగతి కూడా ఉందని నా నమ్మకం. పుట్టినప్పటి నుంచి అగరు పొగలో పెరిగినవారి ముక్కుకు అది బరువుగా తోచదు. మన ఇళ్లలో పసిపిల్లల తలకు సాంబ్రాణి పొగ పట్టేవారు. ఆ వాసన మనలో ఎవరికైనా తలనొప్పి తెప్పిస్తుందా?

సున్నిత_నాసిక

నాకు తెప్పిస్తుంది. ఇంతసేపూ చదువుతున్నాను, వాసన భరించలేనివారి తరఫున ఒక్కరూ మాట్లాడలేదు. నాకు ఉబ్బసం ఉంది. మూసి ఉన్న కారులో తియ్యని సెంటు వేసుకున్నవారు పక్కన కూర్చుంటే ఊపిరి బిగుసుకుంటుంది. అది అలవాటుతో పోయేది కాదు. పిన్నిగారు విస్తరి ముందు నుంచి లేచారంటే ఆవిడకు ఎంత ఇబ్బంది కలిగి ఉంటుందో నాకు తెలుసు.

చలికాలపు సెంట్లలో దాల్చిన, లవంగం, టోంకా ఎక్కువగా ఉంటాయి. వాటి నుంచి వచ్చే సినమాల్, యూజినాల్, కూమరిన్ మూడూ యూరప్ చట్టం ప్రకారం పెట్టె మీద తప్పక ముద్రించవలసిన అలర్జీ కారకాల పట్టికలో ఉన్నాయి. మొదట 26 పదార్థాలతో ఉన్న ఆ పట్టికను 2023లో 80కి పైగా పెంచారు. చర్మం సున్నితంగా ఉన్నవారు కొనే ముందు పెట్టె వెనుక చిన్న అక్షరాలు చదవండి. దాల్చిన వాసన ఉన్నదాన్ని మెడ మీద కొట్టుకుంటే ఎర్రగా కందిపోయినవారు మా ఇంట్లోనే ఉన్నారు.

నిర్మల్_చలిగాలి

సున్నిత_నాసిక గారు, మీ మాట మనసుకు పట్టింది. భోజనాల దగ్గర, కారులో పక్కవారికి ఇబ్బంది కలగకుండా వేసుకునే పద్ధతి ఏదైనా ఉంటే దాన్నే పాటిస్తాను. చెప్పగలరా?

సున్నిత_నాసిక

మెడకు, ఛాతీకి వేసుకోకండి, ఆ వేడి నేరుగా ముఖాల ఎత్తుకు లేస్తుంది. మోకాళ్ల వెనుక గానీ, చీర కుచ్చిళ్ల లోపలి లంగా అంచుకు గానీ కొద్దిగా వేసుకుంటే నడిచేటప్పుడు మాత్రమే తెలుస్తుంది. బయలుదేరే ముందు కాకుండా గంట ముందే వేసుకోండి. మొదటి ఘాటు అంతా ఇంట్లోనే పోతుంది.

షికాగో_మంచు

గంట ముందే వేసుకోవడం అన్న సలహా మా ఊళ్లో మరింత అవసరం. చలి సాయంత్రం అనగానే అందరూ మంచులో నడిచే దృశ్యాన్ని ఊహించుకుంటారు. జనవరిలో ఇక్కడ బయట సున్నాకు ఎంతో దిగువన ఉంటుంది, నిజమే. కానీ బయట గడిపేది ఇంటి నుంచి కారు దాకా, కారు నుంచి రెస్టారెంటు దాకా మాత్రమే. మిగతా సాయంత్రమంతా హీటరు వేసిన గదిలో, ఉన్ని దుస్తులలో గడుస్తుంది. బయట చలికి ఏమీ వాసన రావడం లేదని ఇంకో రెండు సార్లు కొట్టుకున్నవారు లోపలికి రాగానే కోటు విప్పుతారు, అప్పటిదాకా కోటు కింద పోగైన వాసన అంతా ఒక్కసారి గదిని నింపేస్తుంది. ఇక్కడి మన తెలుగువారి సంక్రాంతి వేడుకలలో ఇది ప్రతి ఏటా చూస్తున్నాను.

ఇంకొక చిక్కు, ఇక్కడి గాలి మరీ పొడిగా ఉంటుంది. పొడిబారిన చర్మం మీద సెంటు నిలవదు. వాసన లేని వాజలీన్ గానీ కొబ్బరినూనె గానీ ముందు పలుచగా రాసి, ఆపైన ఒక్కసారి కొట్టుకుంటే రాత్రంతా ఉంటుంది.

కాలువగట్టు

కొబ్బరినూనెకు దాని వాసన దానికి ఉంటుంది కదండీ. వెనీలాతో కలిస్తే కొబ్బరి లౌజు అవుతుంది.

షికాగో_మంచు

నిజమే, శుద్ధి చేసిన వాసన లేని నూనె అని రాయవలసింది. అయినా కొబ్బరి లౌజు వాసన చెడ్డదేమీ కాదు కదా!

లంబసింగి_పొగమంచు

మా దగ్గర చలి గురించి కూడా ఒక మాట. ఆంధ్రలో చలికాలం లేదన్నట్టు పైన మాట వచ్చింది, డిసెంబరులో ఒకసారి లంబసింగికి రండి. కొన్ని తెల్లవారుజాములు సున్నా దగ్గరికి దిగుతాయి. ఇక్కడ సాయంత్రం ఐదు దాటితే ప్రతి ఇంటి ముందూ చలిమంట ఉంటుంది. తడి కర్ర పొగ శాలువాలో ఇంకిపోయి, మర్నాటికి కూడా వదలదు. ఆ పొగ వాసన మీద పొగాకు, వెనీలా కలిసిన సెంటు ఎంత బాగా కుదురుతుందో మాటల్లో చెప్పడం కష్టం. మైదానంలో ఒకసారి వేసుకుని చూశాను, తియ్యదనం తప్ప ఏమీ తెలియలేదు. ఇక్కడ మంట పక్కన నిలబడితే అదే సెంటులో ఎండిన ఆకు వగరు, ఎండుపండ్ల చేదు, అల్లం కారం ఒక్కొక్కటిగా తెలిశాయి. శాలువా అంచును ముక్కు దాకా కప్పుకుంటే ఊపిరి వెచ్చదనానికి ఆ వాసన కొంచెం లేచి, మళ్లీ అణిగిపోతుంది. చలి తీపిని తగ్గించి మిగతా దినుసులకు చోటిస్తుందని నాకు అప్పుడు తెలిసింది.

గంధపుచెక్క

మీరు చెబుతున్నది టామ్ ఫోర్డ్ టొబాకో వెనీల్ లాగా ఉంది. 2007లో వచ్చింది. పొగాకు ఆకు, వెనీలా, టోంకా, ఎండుపండ్లు, మసాలా అన్నీ ఉన్నాయి. ధర మాత్రం చాలా ఎక్కువ.

దుబాయి_ఎడారి

ధర అందుబాటులో కావాలనుకుంటే మా దగ్గరి లటాఫా వారి ఖమ్రా ఒకసారి వాసన చూడండి. 2022లో వచ్చింది. దాల్చిన, ఖర్జూరం, ప్రలీన్ (చక్కెర పాకం పట్టిన గింజల మిఠాయి), వెనీలా ప్రధానం. చలిలో బాగుంటుంది, హైదరాబాదు బజార్లలో కూడా ఇప్పుడు విరివిగా కనబడుతోంది.

గంధపుచెక్క

ఖమ్రాకు నిర్మల్‌లో ఓటు వేస్తాను, విజయవాడలో వేయను. నిర్మల్_చలిగాలి గారి దగ్గర ఇప్పటికే ఉన్న సెంటు కూడా ఆ కోవదే, కనుక మళ్లీ అదే చిక్కు వస్తుంది. ఖర్జూరం, ప్రలీన్, దాల్చిన మూడూ తీపి వైపే మొగ్గుతాయి.

దుబాయి_ఎడారి

సాంబ్రాణి ఉంది కదా అందులో.

గంధపుచెక్క

ఉంది, కానీ అడుగున ఉంది. విందు భోజనాల సమయానికి అది పైకి రాదు.

పాతబస్తీ_సీసా

విజయవాడ విందుకు నేనొక మార్గం చెబుతాను. చందనపు అత్తరును అరచేతి మీద కాకుండా దూదికి అద్ది, ఆ చిన్న ఉండను చెవి మడతలో ఉంచుకోవడం మా పెద్దల పద్ధతి. దానిని ఫాయా అంటారు. వాసన మనిషి చుట్టూ మూరెడు దూరం దాటదు. వెనీలా మీద మోజు ఉంది కనుక చందనంతో పాటు మీ సెంటును రుమాలు మీద ఒకే ఒక్కసారి కొట్టి, ఆరాక సంచిలో పెట్టుకోండి. సంచి తెరిచినప్పుడల్లా తెలుస్తుంది, పిన్నిగారికి మాత్రం తెలియదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. చందన తైలం ధర ఆకాశానికి వెళ్లాక చాలా అత్తర్లను లిక్విడ్ పారఫిన్ అనే చవక నూనె మీద చేస్తున్నారు. తులం షమామా మరీ చవకగా ఇస్తున్నారంటే అందులో చందనం ఉందని ఆశించవద్దు. మణికట్టు మీద రాయించుకుని, కొనకుండా బజారంతా ఒక చుట్టు తిరిగి రండి. అసలైనదైతే తిరిగి వచ్చేసరికి దినుసుల ఘాటు తగ్గి చందనం కనబడుతుంది. పారఫిన్ మీద చేసినది మొదటి నిమిషంలో ఎలా ఉందో చివరికీ అలాగే ఉండి, ఉన్నట్టుండి మాయమవుతుంది.

చేమంతి_తోట

తులం లెక్కలో నాకు ఎప్పుడూ అనుమానమే. తులం అంటే బరువా, కొలతా?

పాతబస్తీ_సీసా

అసలు తులం 11.66 గ్రాముల బరువు. దుకాణాలలో ఇప్పుడు సీసా కొలతగానే వాడుతున్నారు, 10 మిల్లీలీటర్లకూ 12కూ తులమనే అంటారు. ముందే అడిగి తేల్చుకోండి.

పట్టుచీర_అంచు

ఇంతమంది ఇన్ని సలహాలు ఇచ్చారు, పట్టుచీర గురించి ఎవరూ చెప్పలేదు! అత్తరు నూనె. పట్టు మీద పడితే మరక పోదు. స్ప్రే సెంటు కూడా తక్కువదేమీ కాదు. వెనిలిన్ ఎక్కువగా ఉన్న సెంట్లు సీసాలోనే కాలక్రమంలో గోధుమ రంగుకు మారతాయి. లేతరంగు కంచి పట్టు మీద, జరీ అంచు మీద అది పడితే ఆ మచ్చ చూసి ఏళ్ల తరబడి బాధపడాలి. ఒంటికి వేసుకుని, పూర్తిగా ఆరాకే చీర కట్టుకోండి. సున్నిత_నాసిక గారు చెప్పినట్టు లంగా అంచుకు వేసుకునేటట్టయితే అది నూలుదై ఉండాలి, చీర కట్టకముందే ఆరాలి.

లంబసింగి_పొగమంచు

శాలువాకు వేయవచ్చా మరి? నిర్మల్ రాత్రికి శాలువా తప్పదు కదా.

షికాగో_మంచు

ఉన్ని శాలువాకు నిరభ్యంతరంగా వేయవచ్చు, ముదురు రంగుదైతే మరీ మంచిది. ఉన్ని వాసనను పట్టుకున్నట్టు మరే బట్టా పట్టుకోదు. 19వ శతాబ్దంలో కాశ్మీరు శాలువాలను యూరప్‌కు పంపేటప్పుడు పురుగు పట్టకుండా మడతల మధ్య పచౌలీ ఆకులు వేసి పంపేవారు. అక్కడి స్త్రీలకు ఆ వాసనే అసలైన శాలువాకు గుర్తు అయింది. గంధపుచెక్క గారు చెప్పిన ఏంజెల్ సెంటులోని చేదు ఆ పచౌలీదే. ఒకసారి వేసిన సెంటు మాత్రం ఉతికేదాకా వదలదు కనుక, రెండు ఊళ్లకు రెండు శాలువాలు వేరుగా పెట్టుకోండి.

కాలువగట్టు

విజయవాడకు శాలువా ఎందుకండీ! రుమాలు చాలు.

నిర్మల్_చలిగాలి

అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. ముహూర్తం రాత్రికి షమామా తీసుకుందామని నిశ్చయించుకున్నాను. చార్మినార్ వైపు వెళ్లినప్పుడు పాతబస్తీ_సీసా గారు చెప్పినట్టు మణికట్టు మీద రాయించుకుని, బజారు తిరిగి వచ్చాకే కొంటాను. ఉన్న వెనీలా సెంటును ముదురు ఎరుపు ఉన్ని శాలువాకు ఒక్కసారి వేస్తాను. గంధపుచెక్క గారు, ఇక్కడ ఒక సందేహం మిగిలింది. షమామా చర్మం మీద, వెనీలా శాలువా మీద ఉంటే రెండూ గొడవ పడతాయా?

గంధపుచెక్క

గొడవ పడవు. మీ వెనీలా సెంటులో లేని చేదు, వగరు అంతా షమామాలోని తుంగముస్తల్లో, జటామాంసిలో ఉంది. నేను ఇందాకటి నుంచి వెతకమంటున్న ఎదురు దినుసు మీకు అలా దొరికినట్టే. అయితే పాళ్లు చూసుకోవాలి. పెళ్లికి వారం ముందు ఒక చల్లని సాయంత్రం రెండూ కలిపి వేసుకుని, ఇంట్లో కాకుండా బయట అరుగు మీద కాసేపు కూర్చోండి. ఆ తరువాత వంటింట్లోకి వెళ్లి నిలబడండి. రెండు చోట్లా బాగుంటేనే ఆ పాళ్లు ఖాయం చేసుకోండి.

సున్నిత_నాసిక

ఆ సాయంత్రం ఇంట్లో ఉన్న పెద్దవాళ్లలో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. మన సెంటు మన ముక్కుకు కొద్దిసేపట్లోనే అలవాటైపోయి తెలియడం మానేస్తుంది. తగ్గిందనుకుని మళ్లీ వేసుకోవడం అక్కడే మొదలవుతుంది.

రసాయన_పంతులు

సీసాను కిటికీ దగ్గర గానీ, స్నానాలగదిలో గానీ ఉంచకుండా పెట్టెతో సహా బీరువాలో పెట్టండి. ఎండకు, వేడికి ముందుగా పాడయ్యేవి పైనుండే నిమ్మజాతి నూనెలే. అవి పోతే మిగిలేది వట్టి తీపే.

పట్టుచీర_అంచు

బీరువాలో పెట్టేటప్పుడు పట్టుచీరల అరలో మాత్రం పెట్టకండి.